నల్లపిల్లకు సున్నం కొట్టినవాళ్లు

నేను అక్షరాలు నేర్చుకునేనాటికి నా పెద్దకూతురికి సంబంధాలు వస్తున్నాయి. కాబట్టి నా రాతలో వంకర్లుంటే సర్దుకోండి. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్లు చాలామంది పోయారు. వాళ్ల మనవలు మార్కాపురం బజారులో ఎదురుపడితే "ఏం అవ్వా, బాగుండావా?" అని పలకరిస్తారు. ఆ పలకరింపు నాకు కావాలి. అందుకని ఒకాయనను ప్రెస్సాయన అంటాను, ఒకాయనను పంతులయ్య అంటాను, తెల్లామెను దొరసాని అంటాను. నా పేరుతో మీకు పని లేదు.

తెల్లదొరలు ఏలుతున్న కాలం అది. మా తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. మార్కాపురం దగ్గర గుంటల్లో రాయి తవ్వి, పొరలు పొరలుగా చీల్చి, పలకలు చేసి దేశమంతా పంపేవాళ్లు. చీల్చేదీ కోసేదీ మగవాళ్లు. కోసిన బిళ్లను ఇసుకా నీళ్లూ పోసి నున్నగా రుద్దేది మా వాడ ఆడవాళ్లం. ఆ తర్వాత చెక్క చట్రం బిగించి కట్టలు కట్టేవాళ్లు. ఎన్ని ఊళ్ల పిల్లలు మేము రుద్దిన పలకల మీద దిద్దుకున్నారో దేవుడికెరుక. రుద్దే మాలో ఒక్కదానికీ అక్షరం రాదు. అందులో వింత ఉందని మాకు తోచలేదు. కంసాలి పెళ్లాం మెడలో నగలుంటాయా?

రుద్దుడు పని విసుగు పని. చేయి ఒకటే తిప్పుడు. నోరు ఊరుకోదు. ఒకరోజు ఇసుక పోసి బిళ్లను రుద్దుతుంటే పెళ్లికూతురికి నలుగు పెడుతున్నట్టు అనిపించింది. నల్లటి పిల్ల, చల్లటి ఒళ్లు. రేపో మాపో చెక్క గాజులు వేయించుకుని ఎవరి ఊరికో పోతుంది. అట్లా అనుకుంటుంటే పాట వచ్చింది. రావడమంటే ఆకాశం నుంచి ఊడిపడలేదు. రెండు మూడు వారాలు నోట్లో నానవేసి, ఒక మాట తీసి ఒక మాట పెట్టి, నేనే కట్టాను.

కొండ కడుపున పుట్టినావే, ఓ నల్లా పిల్లా
కొలత పెట్టి కోసినారే, ఓ నల్లా పిల్లా
ఇసుక నలుగు పెడుదు రాయే, ఓ నల్లా పిల్లా
చెక్క గాజులు తొడుగుతారే, ఓ నల్లా పిల్లా
ఏ దేశంలో బడికి పోతివో, ఓ నల్లా పిల్లా
రుద్దిన చెయ్యి మరువబాకే, ఓ నల్లా పిల్లా

ముందు మాట నేను ఎత్తేదాన్ని, "ఓ నల్లా పిల్లా" అని షెడ్డంతా అందుకునేది. మేస్త్రీ కూడా తెలియకుండా కాలు ఊపేవాడు. నాకు పొలం లేదు, మేక లేదు. ఉండే ఇల్లు మామది, మెడలో పూసలు అత్తవి. నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ పాట ఒక్కటే. కాబట్టి ఇదంతా చదువుతూ ఒక పాట కోసం ఇంత రభస ఏమిటని మీరు అనుకోవద్దు.

మా అత్త మాత్రం ఇంట్లో పాడనిచ్చేది కాదు. "షెడ్డులో పాడు, కూలన్నా ఇస్తారు. ఇక్కడ పాడితే ఏమొస్తది, కూడు మాడతది" అనేది. తాను మాత్రం కోళ్లకు నూకలు వేసేటప్పుడు "ఓ నల్లా పిల్లా" అని కూనిరాగం తీసేది. నేను వింటే టక్కున ఆపేసేది.

మొదట వచ్చింది దొరసాని. గొడుగు, టోపీ, వెంట కుర్చీ మోసేవాడు, ఆ వెనక మా క్రైస్తవ సంఘం బడి పంతులయ్య. ఆమె ఊరూరా తిరిగి మన పాటలు ఇంగ్లీషులో రాసుకుంటూ ఉందని, ఇంగ్లండులో పుస్తకం వేస్తారని పంతులయ్య చెప్పాడు. మాకు భలే సంబరమైంది. మా పాట ఓడెక్కి పోతుందన్నమాట! మేమంతా గొంతులు సవరించుకుని పాడాం. దొరసాని రాసుకుంది, పంతులయ్య కూడా రాసుకున్నాడు. చివరికి ఆమె ఈ పాట ఎవరు కట్టారని అడిగించింది.

"నేనే కట్టినా" అన్నాను.

ఆమె నవ్వింది. మంచి నవ్వే, పళ్లు తెల్లగా ఉన్నాయి. పంతులయ్యతో ఇంగ్లీషులో ఏదో అంది. ఆయన మాకు చెప్పాడు: "మీ జనానికి పాటలు చెట్టుకు ఆకులొచ్చినట్టు వస్తాయంట. ఒకరు కట్టేది ఉండదంట. మీవన్నీ ఎవరూ కట్టని పాటలంట. ఎంత అందంగా అనింది చూడండి!"

"ఆకులు కూడా ఏదో ఒక చెట్టుకే గదా వచ్చేది పంతులయ్యా. వేపాకును చూసి ఇది ఏ చెట్టుదో అని ఎవరన్నా అంటారా?"

"అన్నీ ఎదురు మాటలే నీవి" అన్నాడు ఆయన. నేను అన్నది దొరసానికి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె దాన్ని కూడా పుస్తకంలో రాసుకుని ఎవరూ అనని మాట అనేదేమో.

కొన్నాళ్లకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పంతులయ్య సంఘం వాళ్ల మాసపత్రిక పట్టుకుని లేచాడు. అందులో తాను కట్టిన కొత్త కీర్తన అచ్చయిందని చెప్పి రాగం తీశాడు. రాగం వినగానే మా ఆడవాళ్ల వరస అంతా తలెత్తింది.

"పాపపు కొండన పుట్టినావే, ఓ తెల్లా పిల్లా! ఇసుక వలెనే కడుగబడితివి, ఓ తెల్లా పిల్లా!"

మా వదిన ఒకామె నా పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. బయటికి రాగానే నేను పంతులయ్యను పట్టుకున్నాను.

"అది నా పాట గదయ్యా?"

"నీదేంది? నువ్వు పాడినావు, నేను రాసినాను. రాసినోడిది పాట. అయినా నీది నల్లపిల్ల, నాది తెల్లపిల్ల. రెండూ ఒకటెట్లయితాయి?"

"తెల్లపలక మీద తెల్లబలపంతో ఏం రాస్తారయ్యా?"

"అది పలక కాదమ్మా, ఆత్మ. నలుపు పాపానికి గుర్తు. దొరసాని కూడా మెచ్చుకునింది."

"మరి ఆత్మకు చెక్క గాజులెందుకు?"

ఆయన కాగితం తెరిచి చూసుకున్నాడు. చెక్క గాజులు తీసెయ్యడం మరిచిపోయాడు. "అది... వినయానికి గుర్తు" అన్నాడు. పంతులయ్య చెడ్డవాడు కాదు. మాలోనుంచి పైకి వచ్చిన మనిషే. తెల్లవాళ్ల ముందు నిలబడి నిలబడి, నలుపు అనే మాట ఎక్కడ కనబడినా సున్నం కొట్టడం అలవాటైపోయింది ఆయనకు.

ఇక ప్రెస్సాయన సంగతి. ఆయనకు మార్కాపురం బజారులో కాలుతో తొక్కే అచ్చుమిషను ఒకటుండేది. పెళ్లి శుభలేఖలు, మా పలకల కట్టల మీద అంటించే రంగు చీటీలు, తిరునాళ్లలో అమ్మే పాటల పుస్తకాలు వేసేవాడు. కవినని చెప్పుకునేవాడు. చీటీల బేరానికి మా షెడ్డుకు వచ్చేవాడు. వచ్చినప్పుడు మాకు దూరంగా తలుపు దగ్గర నిలబడి, ఉత్తరీయంతో ముక్కు మూసుకుని మేస్త్రీతో మాట్లాడేవాడు. ముక్కు మూసుకున్నాడు గాని చెవులు మూసుకోలేదు.

శివరాత్రికి ముందు త్రిపురాంతకంలో జనం పోగవుతారు. దోర్నాల మీదుగా శ్రీశైలం నడిచిపోయేవాళ్లు కొందరు, ఊరికే చూడ్డానికి వచ్చేవాళ్లు కొందరు. గాజులు కొనడానికి మతం అడ్డం రాదు కాబట్టి మేమూ పోయేవాళ్లం. ఆ ఏడు గాజుల అంగళ్ల దగ్గర ఒకడు పుస్తకాలు అమ్ముతూ గొంతెత్తి పాడుతున్నాడు.

"కొండ కడుపున పుట్టినావే, ఓ పసిడి బొమ్మా! కోరి కోరి కొలిచినారే, ఓ పసిడి బొమ్మా!"

కొండ కూతురంటే పార్వతమ్మ. బాగానే కుదిర్చాడు, ఒప్పుకోవాలి. చెక్క గాజులు తీసి బంగారు గాజులు పెట్టాడు. పంతులయ్య కంటే జాగ్రత్త గల మనిషి. అంగడి వెనక పీట మీద ప్రెస్సాయనే కూర్చుని ఉన్నాడు. నేను ముందుకు పోయాను.

"అయ్యా, ఇది మా పలకల పాట గదా?"

"దూరం, దూరం! అక్కడ్నుంచే మాట్లాడు. పుస్తకాలు మైలపడతాయి."

"మా నోట్లోంచి నీ పుస్తకంలోకి వచ్చినప్పుడు పడలేదా మైల?"

గాజుల దుకాణం ఆమె కిసుక్కుమంది. ప్రెస్సాయనకు కోపం వచ్చింది. "ఏమే, నువ్వెప్పుడన్నా మిషను తొక్కినావా? అచ్చు కూర్చినావా? అచ్చేసినోడిది పాట. నీదైతే చూపించు, ఏ పుస్తకంలో ఉందో!"

పుస్తకంలో లేదు. నా నోట్లో ఉంది. నోరు తెరిచి చూపించనా అనబోయాను గాని మా వదిన చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఆ తర్వాత అసలు వేడుక మొదలైంది. ఆ పుస్తకం ఒకటి పంతులయ్య చేతికి చిక్కింది. ఆ మాసపత్రిక ఒకటి ప్రెస్సాయన చేతికి చిక్కింది. పంతులయ్య వచ్చే నెల పత్రికలో, కీర్తనలు దొంగిలించి విగ్రహాలకు తొడిగే చోరకవులు కొందరు బజారులో ఉన్నారని రాశాడు. దానికి ప్రెస్సాయన ఎర్రకాగితం మీద అచ్చేసి గోడలకు అంటించాడు. అమ్మవారి పాటను పాదిరీల పాలు చేసిన ద్రోహి అని. పంతులయ్య మళ్లీ రాశాడు. ఈయన మళ్లీ అంటించాడు. గిద్దలూరు, రాచర్ల వైపు పోయే బండ్లవాళ్లు గోడల దగ్గర ఆగి చదివించుకుని నవ్వుకునేవాళ్లు. పచ్చి పుల్లలతో పొయ్యి రాజేసినట్టు, మంట తక్కువ, పొగ ఎక్కువ. ఇద్దరూ తమ సొత్తు పోయిందని గుండెలు బాదుకున్నవాళ్లే. సొత్తు ఎవరిదని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు మేస్త్రీ వచ్చేవరకే నిలిచింది.

"ఆ పాట ఇంక పాడొద్దమ్మా షెడ్డులో" అన్నాడు. "ప్రెస్సాయనదంట. మన చీటీలన్నీ ఆయన దగ్గరే గదా వేయించేది, తగువెందుకు? పాడాలంటే పుస్తకంలో ఉన్నట్టు పసిడి బొమ్మా అని పాడుకోండి."

"పలకను పట్టుకుని పసిడి బొమ్మ అంటే పలక నవ్వుతది మేస్త్రీ."

"నవ్వనీ. నా కొలువు పోకుంటే చాలు."

మా ప్రార్థన గుడిలో పంతులయ్య కూడా అదే వరస. మీరు తప్పు పాడుతున్నారు, అచ్చులో ఉన్నట్టు తెల్లా పిల్లా అనాలి అని ఆడవాళ్లకు చెప్పాడు. అంటే నా పాటను నేను తప్పు పాడుతున్నానన్నమాట! షెడ్డులో ఇసుక చప్పుడు ఒక్కటే మిగిలింది. పసిడి అనడానికి ఎవరికీ నోరు రాలేదు, నల్లా అనడానికి భయం. పాడని పాట ఎన్నాళ్లుంటుంది? నాలుగు నెలలైతే మావాళ్లకే మాటలు మరుపుకు వస్తాయి. ఆ తర్వాత పుస్తకాల్లో ఉన్నవే నిజమైన పాటలవుతాయి, నాది ఆకుల్లో కలిసిపోతుంది. ఆ దిగులు నాకు పట్టుకుంది.

కోతపండుగ దగ్గరపడింది. ఇది మా సంఘాల్లో ఉన్న ఆచారం. కోతలయ్యాక ప్రతి ఇంటివాళ్లూ తమ ఫలంలో కొంత గుడి ముందు పందిరిలోకి తెస్తారు. జొన్నలు, గుమ్మడికాయ, కోడి, గుడ్లు, ఎవరికి ఉన్నది వాళ్లు. వాటిని వేలం వేసి వచ్చింది సంఘానికి ఇస్తారు. వేలం పిలిచేది మాకు మామ వరస అయ్యే సంఘపెద్ద. నవ్వించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఏ వస్తువు ఎత్తినా ముందు తెచ్చినవాళ్లది అని పిలుస్తాడు. "కాదన్నోళ్లుంటే ఇప్పుడే అనండి, అమ్మినాక అంటే వినను" అని అడుగుతాడు. ఒక ఏడు ఒకామె పక్కింటి కోడిని తెచ్చి దేవుడికి ఇచ్చింది. అమ్ముడుపోయాక పక్కింటామె గొడవకు దిగింది. అప్పటి నుంచి ఆ పద్ధతి. ఇంకోటి కూడా ఉంది. కొన్నవాళ్లు వస్తువును తెచ్చినవాళ్ల చేతి నుంచే తీసుకోవాలి. అది దీవెన అంటారు.

ఈ వేలానికి బజారువాళ్లూ వచ్చేవాళ్లు, కోళ్లు చవకగా దొరుకుతాయని. ప్రెస్సాయన ప్రతి ఏడూ వచ్చి పందిరి బయట నిలబడి ధర చెప్పేవాడు. మా చేతి నుంచి తీసుకునేవాడు కాదు. కోడిని కాళ్లు కట్టి నేల మీద పెడితే అక్కడి నుంచి తీసుకునేవాడు. మా ఇంటి కోడికి మైల లేదు, పెంచిన చేతికే ఉంది. సంఘపెద్ద చూసీ చూడనట్టు పోయేవాడు. బజారు డబ్బు కూడా డబ్బే గదా.

ఆ ఏడు వానలు లేవు. మా ఇంట్లో తెచ్చేందుకు అత్త పెట్ట ఒక్కటే ఉంది. అది అత్త పేరున ఇచ్చింది. నేను నా పేరున ఒక గంప తెచ్చి కుప్పలో పెట్టి కూర్చున్నాను.

దొరసాని ఆ రోజు పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన మా సంఘం పాదిరి అయ్యగారు, ఆ పక్కన పంతులయ్య. పందిరి బయట ప్రెస్సాయన, చంకలో అప్పటికే మా అత్త పెట్ట. సంఘపెద్ద ఒక్కొక్కటీ ఎత్తుతూ నా గంప దగ్గరికి వచ్చి లోపల చూశాడు.

"ఏం కోడలా, గంప ఖాళీ? ఎలుకలు తిన్నాయా?"

"ఖాళీ కాదు మామా. పాట ఉంది. ఈ ఏడు నా ఇంట్లో పండింది అదే."

జనం గొల్లుమన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. నా ఎత్తు మనిషికి వెంటనే అందింది. అయ్యగారి వైపు తిరిగి, "పాట పెట్టొచ్చునా అయ్యగారూ?" అన్నాడు. అయ్యగారు నిదానస్తుడు. గడ్డం గోక్కుని, "దేవుడిచ్చిన ఫలం ఏదన్నా పెట్టొచ్చు" అన్నాడు. దొరసానికి విషయం చెబితే ఆమె చప్పట్లు కొట్టింది. పంతులయ్య ఒక్కడే నవ్వని మనిషి.

సంఘపెద్ద ఖాళీ గంపను రెండు చేతులా పైకెత్తాడు, నిండు గంపలాగా. "ఇది మా కోడలి పాట! పలకల షెడ్డులో పుట్టిన నల్లపిల్ల పాట! ఆమెది కాదన్నోళ్లుంటే ఇప్పుడే అనండి. అమ్మినాక అంటే వినను!"

అందరి కళ్లూ పంతులయ్య మీదికి పోయాయి, అక్కడి నుంచి పందిరి బయటికి పోయాయి. పంతులయ్య లేవబోయి ప్రెస్సాయనను చూశాడు. ప్రెస్సాయన నోరు తెరవబోయి పంతులయ్యను చూశాడు. నాది అని ఈయనంటే ఆయన పుస్తకం తీస్తాడు. నాది అని ఆయనంటే ఈయన పత్రిక తీస్తాడు. రెండూ దొరసాని ముందు, ఊరి ముందు పక్కపక్కన పెడితే తెల్లపిల్లా పసిడిబొమ్మా ఒక తల్లి పిల్లలని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఒకాయన చొక్కా గుండీలు, ఒకాయన ఉత్తరీయం సర్దుకున్నారు. ప్రెస్సాయన చంకలో పెట్ట మాత్రం కొక్కొక్కో అంది.

"పెట్ట ఒక్కటే కాదనింది" అన్నాడు సంఘపెద్ద. "మనుషులెవరూ కాదనలేదు. ఇది ఈమె పాటే."

"ఏమన్నావు మరిదీ?" అని మా అత్త వెనక నుంచి లేచింది. "మళ్లీ చెప్పు, నాకు చెవుడు."

ఆమెకు చెవుడు లేదు. మూడిళ్ల అవతల గిన్నె కింద పడితే ఏ గిన్నో చెప్పగలదు.

"మీ కోడలి పాటే అంటున్నా వదినా!"

"ఇంకా గట్టిగా చెప్పు. బయట నిలబడ్డోళ్లకు కూడా వినబడల్ల గదా."

ఆయన గొంతు చించుకుని చెప్పాడు. మా అత్త కొంగు సర్దుకుని కూర్చుంది. నాకు ఆ రోజు అక్కడే పండుగ అయిపోయింది. నిజానికి నేను కోరుకున్నది అంతే. కాని వేలం మొదలయ్యాక ఎవరు ఆపగలరు?

పంతులయ్య ముందు ధర అన్నాడు. తాను కొంటే పత్రికలో అచ్చయింది తనదిగానే నిలుస్తుందని ఆయన ఆశ. ప్రెస్సాయన ఊరుకుంటాడా? తాను పెంచాడు. ఈయన, ఆయన, ఈయన, ఆయన. జనం తలలు ఊయల ఊగినట్టు అటూ ఇటూ. మధ్యలో మా అత్త, "నా పెట్ట ఇస్తా!" అని అరిచింది.

"నీ పెట్ట ఆయన చంకలో ఉంది వదినా. ఇందాక అమ్మితివి గదా."

"అయితే అది పెట్టే గుడ్లిస్తా!"

"అవి కూడా ఆయనవే!"

పంతులయ్య జీతం ఎంతో అందరికీ తెలుసు, ఆయన పెళ్లానికి ఇంకా బాగా తెలుసు. ఆమె ఆడవాళ్ల వరసలోంచి ఒక్క చూపు చూసింది. ఆయన కూర్చున్నాడు. పాట ప్రెస్సాయనకు పోయింది.

ఆయన డబ్బు నేల మీద పెట్టి, కోడి కోసం నిలబడినట్టే నిలబడ్డాడు. "పాట ఇయ్యండి మరి."

అప్పుడు అందరికీ ఒకేసారి తట్టింది. కోడినైతే నేల మీద పెట్టొచ్చు. పాటను నేల మీద పెట్టేదెట్లా?

"లోపలికి రా నాయనా" అన్నాడు సంఘపెద్ద, తేనె పూసినట్టు. "తెచ్చినోళ్ల చేతి నుంచే తీసుకోవల్ల. ఇది నోట్లో ఉండే వస్తువు. కూర్చుని ఆమె నోటి నుంచి తీసుకో."

"రాసియ్యమనండి, చదువుకుంటా."

"ఆమెకు రాయరాదు గదా."

"పంతులు రాసిస్తాడు."

"పంతులయ్య రాస్తే తెల్లబడతది!" అని మా వదిన అరిచింది. పందిరి కూలిపోతుందేమో అన్నంత నవ్వు. అయ్యగారు కూడా బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ప్రెస్సాయన అటూ ఇటూ చూశాడు. డబ్బు పోయింది. పాట రాకుండా పోతే పంతులయ్య ముందు పరువూ పోతుంది. పోటీ ఎంత గట్టిదో చూడండి, ముత్తాతల నాటి మైలను కూడా ఓడించింది. పెట్టను ఎవరికో పట్టుకొమ్మని ఇచ్చి, పంచె ఎగ్గట్టి, పందిట్లోకి వచ్చి, నా ఎదురుగా చాప అంచు మీద కూర్చున్నాడు. చాప అంచే. చాప మధ్యకు రావడానికి ఆయనకు ఇంకో పూట పట్టేదేమో.

"కొండ కడుపున పుట్టినావే" అన్నాను.

"కొండ కడుపున పుట్టినావే" అన్నాడు. "ఓ పసిడి..."

"నల్లా!" అన్నారు ఆడవాళ్లంతా.

"ఓ నల్లా పిల్లా" అన్నాడు చిన్నగా.

"వినబళ్లేదు. నాకు చెవుడు" అంది మా అత్త.

"ఓ నల్లా పిల్లా!"

గొంతు మంచిదే ఆయనది. ఆ మాట ఒప్పుకోవాలి. చెక్క గాజుల దగ్గరికి వచ్చేసరికి సిగ్గు వదిలి తొడ మీద తాళం వేశాడు. "రుద్దిన చెయ్యి మరువబాకే" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగి, నా చేతుల వైపు చూశాడు. ఇసుకకు వేళ్ల కొసలు అరిగిపోయి గోళ్లు సగమే ఉండేవి మాకు. చివరి వరసకు షెడ్డు ఆడవాళ్లంతా అందుకున్నారు, నెలల తరబడి మూసుకున్న గొంతులు. మరునాటి నుంచి మేస్త్రీ కాలు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

దొరసాని అంతసేపూ రాసుకుంటూనే ఉంది. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, అయ్యగారి ద్వారా నా పేరు అడిగింది. చెప్పాను. ఆమె పుస్తకం ఇంగ్లండులో అచ్చయిందని తర్వాత విన్నాను. అందులో నా పేరుందో, ఆకులే ఉన్నాయో నాకు తెలియదు. తెలుగు నేర్చుకునేసరికే ఊపిరి పోయినంత పనైంది, ఇంగ్లీషు జోలికి పోలేదు.

నేర్చుకున్న కథ కూడా చెప్పి ఊరుకుంటాను. ప్రెస్సాయన కొన్నాళ్లకు ఆ పాటను పలకల పాట అనే చిన్న పుస్తకంగా వేసి, ఒకటి షెడ్డుకు పంపాడు. మేస్త్రీ తిప్పి చూసి, "నీ పేరు కూడా ఏసినాడే!" అన్నాడు. నేను నమ్మలేదు. అప్పటికే ఇద్దరు చదువుకున్నవాళ్లు నాకు కాగితం చూపించి వాళ్లకు కావలసింది చదివారు. ఇంకొకరి కళ్లను ఎట్లా నమ్మేది? పుస్తకం కొంగున కట్టుకుని తిరిగాను.

ఆ మాట విని పంతులయ్య తానే మా ఇంటికి వచ్చాడు. "అమ్మా, నేను నీకు అక్షరాలు నేర్పిస్తా. నువ్వే చదువుకో. ఆ మనిషి నీ పేరు ఎక్కడ వేసినాడో నీ కళ్లతో చూస్తే నీకే తెలుస్తది" అన్నాడు. ఆయన కళ్లలో మెరుపు చూసి నాకు అర్థమైంది. ఇది ప్రేమ కాదు, పోటీ. పోనీలే. కుండ ఏ కుమ్మరి సారె మీద తిరిగినా నీళ్లు నిలిస్తే చాలు.

అంచు విరిగిందని పక్కన పారేసిన పలకలు షెడ్డు వెనక కుప్పలుగా ఉండేవి. ఒకటి తెచ్చుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి అరుగు మీద పంతులయ్య దిద్దబెట్టేవాడు. మా అత్త పక్కన కూర్చుని, "ఆ సున్నా సరిగా లేదు, మళ్లీ పెట్టు" అనేది. ఆమెకు సున్నా కూడా రాదు. గుండ్రంగా ఉన్నది తెలుసు గదా, కోడిగుడ్లు చూసిన మనిషి.

వానలు పడి, జొన్నలు కోసి, మళ్లీ కోతపండుగ వచ్చేనాటికి నేను కూడబలుక్కుని చదవగలిగాను. ఒక ఆదివారం పంతులయ్య ఎదుటే కొంగు ముడి విప్పి పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో లేదు. పాట కింద లేదు. పేజీలు తిప్పుతుంటే పంతులయ్య గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు, నా మొహం ఎప్పుడు ముడుచుకుంటుందా అని. చివరి అట్ట మీద తలనూనె ప్రకటన ఉంది. సీసా బొమ్మ, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ. దాని అడుగున, చీమంత అక్షరాల్లో, ఈ పాట కట్టినది అని, ఆపైన నా పేరు.

"చూసినావా!" అన్నాడు పంతులయ్య, ఉండబట్టలేక. "నూనె సీసా కింద! కవయిత్రి పేరు వేసే చోటా అది? నీ రెండో పాట ఉంటే నాకియ్యి, మొదటి పేజీలో వేయిస్తా."

నేను ఇంకా చదువుతూనే ఉన్నాను. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం. సీసా పక్కన ఏముందో చదివి నవ్వు వచ్చింది నాకు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

"ఏందే, ఏం రాసుంది?" అంది మా అత్త.

"మా నూనె రాస్తే నల్లగా నిగనిగలాడతదంట అత్తా. ఈ పుస్తకం మొత్తంలో నలుపు కావాలని డబ్బు పెట్టి అడిగే చోటు అదొక్కటే. నా పేరు అక్కడే పెట్టినాడు. సరిగ్గా పెట్టినాడు."

పంతులయ్య మొహం వాడిపోయింది. పాపం, ఏడాది కష్టం.

"మరి రెండో పాట?" అన్నాడు.

"ఉంది. కాని అది నీకు చెప్పను, ఆయనకూ చెప్పను" అని విరిగిన పలక ఒళ్లో పెట్టుకుని బలపం తీశాను. మొదటి మాట రాయడానికే చాలాసేపు పట్టింది. వంకరగానే వచ్చింది గాని నల్లపలక మీద తెల్లగా, దూరానికి కూడా కనబడేటట్టు వచ్చింది.

మా అత్త మెడ సాచి చూసింది. "బాగుంది. ఏ పాటదో చదువు."

"నీ గురించే."

"నా గురించా?" అని ఆమె కొంగు సర్దుకుంది. "అయితే గట్టిగా చదువు. నాకు చెవుడు."